పట్టుచీర మీద జిగురు మరక: ఐసు, కుంకుడు, నీలగిరి తైలం, స్పిరిట్, లాండ్రీల్లో ఏది ఎంచుకోవాలి?

సద్దుల బతుకమ్మ తెల్లారి మా ఇంట్లో తప్పకుండా చేసే పని ఒకటుంది. రాత్రి కట్టిన చీరలను మడత పెట్టకముందే కిటికీ దగ్గర వెలుతురులో పరిచి, కొంగు నుంచి కుచ్చిళ్ల దాకా వేళ్లతో తడిమి చూస్తాను. కంటికి ఆనని మరక వేలికి తగులుతుంది. మలీద ముద్దలు పంచేటప్పుడు అంటిన బెల్లం, దీపం నుంచి ఒలికిన నూనె, ఎత్తుకున్న పిల్ల నోట్లోంచి జారిన బబుల్ గమ్, కొత్త జాకెట్టు గుడ్డ మీది రేటు స్టిక్కర్ వదిలిన బంక. చేతికి అన్నీ ఒకేలా అంటుకుంటాయి. కానీ ఒకదానికి పనిచేసిన మందు ఇంకోదానికి పనిచేయదు. ఒక్కోసారి మరకతో పాటు చీర రంగు కూడా పోతుంది.

అలా రంగు పోయిన గద్వాల చీర ఒకటి నా బీరువాలో ఉంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ పెట్టింది. తెల్లటి నూలు చీర, వంకాయరంగు పట్టు అంచు. ఆ అంచు మీద స్టిక్కర్ బంక రూపాయి బిళ్లంత అంటుకుని, దుమ్ము పట్టి నల్లబడింది. గోళ్లరంగు తీసే రిమూవర్‌తో పోతుందని ఎవరో చెబితే దూది ముంచి నేరుగా అంచు మీద పెట్టాను. నిమిషంలో బంక కరిగింది. హమ్మయ్య అనుకుని దూదిని తిప్పి చూస్తే అది వంకాయరంగులో ఉంది. అంచు మీద వెలిసిపోయిన గుండ్రటి మచ్చ మిగిలింది. ఇప్పటికీ ఆ మచ్చ కుచ్చిళ్ల లోపలికి పోయేలా చూసుకుని కట్టుకుంటాను, అమ్మ పెట్టిన చీర కదా, పక్కన పడేయలేను.

అప్పటి నుంచి ఏ మరక ముందు కూర్చున్నా ఇది దేని మరక అన్న ప్రశ్న తర్వాత అడుగుతాను. ముందు ఇది ఏ బట్ట అని చూసుకుంటాను.

ముందు బట్ట సంగతి

మన వైపు ఇళ్లలో బీరువా తీస్తే నాలుగు రకాల నేతలు కనిపిస్తాయి. పోచంపల్లి ఇకత్, గద్వాల, నారాయణపేట, అదృష్టం ఉంటే పుట్టపాక తేలియా. వీటిలో నూలు ఉంది, పట్టు ఉంది, రెండూ కలిసిన సికో ఉంది. మరక మందుల విషయంలో నూలు, పట్టు పూర్తిగా ఎదురుబొదురు స్వభావాలు.

నూలు తడిస్తే బలపడుతుంది. పట్టు తడిస్తే బలహీనపడుతుంది. నూలు సోడాను, చౌడు మట్టిని, అంటే క్షారాలను తట్టుకుంటుంది. పాతకాలంలో రజకులు నూలు బట్టలకు చౌడు పట్టించి ఆవిరిలో ఉబ్బకు వేసేవారు, అయినా ఆ ధోవతులు ఏళ్ల తరబడి నిలిచేవి. పుట్టపాకలో తేలియా రుమాలుకు వాడే నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. నూలు కాబట్టి ఆ క్షారాన్ని ఓర్చుకుంటుంది. పట్టు మన వెంట్రుక లాంటి ప్రొటీన్. క్షారం తగిలితే మెరుపు పోతుంది, గట్టి క్షారమైతే పోగే కరిగిపోతుంది. అందుకే వంటసోడా, బట్టల సోడా, ఘాటైన బట్టసబ్బు పట్టుకు పెట్టొద్దు. క్లోరిన్ బ్లీచ్ అయితే పట్టు దగ్గరికే రానీయొద్దు. మరకలు పోగొట్టే ఎంజైములున్నాయని చెప్పి అమ్మే పౌడర్లతో కూడా జాగ్రత్త. రక్తం, గుడ్డు లాంటి ప్రొటీన్ మరకలను అరగదీసే ఎంజైము పట్టునూ ఉన్నినీ కూడా అరగదీస్తుంది.

గద్వాల చీరలో ఇంకో చిక్కు ఉంది. అసలు గద్వాల పద్ధతిలో చీర ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెంటినీ ఒకదానితో ఒకటి కలుపుతారు. మరక సరిగ్గా ఆ కలిసే చోట పడితే ఒకే వేలి కింద రెండు రకాల బట్టలు ఉన్నట్టు. నూలు వైపు పనిచేసే వేడినీళ్లు, సబ్బు ఆ పక్కనే ఉన్న పట్టును దెబ్బతీస్తాయి. పైగా అంచు రంగు తెల్లటి నూలులోకి దిగే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు మొత్తం పట్టు అనుకునే నడవాలి. రెంటిలో నాజూకైనదే లెక్క.

చీర దేనిదో తెలియకపోతే ఏం చేయాలి? అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ చీటీ ఉంటే సులువు. లేకపోతే కొంగు చివర కుచ్చుల్లోంచి ఒక్క పోగు లాగి, ప్లేటు మీద పెట్టి అగ్గిపుల్లతో కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద అయితే నూలు లేదా రేయాన్. కరిగి గట్టి నల్లపూసలా ముడుచుకుంటే పాలిస్టర్. ఆర్ట్ సిల్క్ పేరుతో అమ్మేవి ఎక్కువగా పాలిస్టరో రేయానో అయి ఉంటాయి. రేయాన్ తడిస్తే పట్టు కంటే ఎక్కువగా బలం కోల్పోతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడు గట్టిగా లాగడం, పిండడం చేయొద్దు.

రెండో పరీక్ష రంగుది. దీన్ని నేను ఆ గద్వాల చీరకు చేయలేదు. నడుము దగ్గర లోపలికి దోపుకునే కొస మీద, మీరు వాడబోయే మందు ఒక చుక్క వేసి, తెల్లగుడ్డ పెట్టి రెండు నిమిషాలు వత్తి ఉంచండి. నీళ్లయినా సరే, స్పిరిట్ అయినా సరే, నీలగిరి తైలం అయినా సరే. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ మందు ఆ చీరకు పనికిరాదు. ఒక చీరలో మూడు రంగులుంటే మూడింటికీ విడివిడిగా చూడాలి. ఎరుపు నిలబడి, పక్కనే ఉన్న నలుపు దిగిపోయిన చీరలు చూశాను.

ఉప్పునీళ్లలో నానబెడితే రంగు గట్టిపడుతుందనే మాట ఇళ్లలో బాగా వినిపిస్తుంది. నేత, అద్దకం అయిపోయి ఇంటికొచ్చిన చీరలో వదులుగా ఉన్న రంగును ఉప్పు పట్టి ఉంచలేదు. ఆ నమ్మకంతో పరీక్ష మానేయొద్దు.

తీపి జిగురుకు నీళ్లు, కుంకుడు

బెల్లం, పంచదార పాకం, తేనె, బత్తాయి రసం, ఐస్‌క్రీం, సీతాఫలం గుజ్జు. వీటన్నిటిలో జిగురుగా ఉండేది చక్కెరే, చక్కెరకు నీళ్లే మందు. ఇక్కడ నూనె, స్పిరిట్ పనికిరావు, అసలు అవసరమూ లేదు. పాలమూరు సీతాఫలాలు తింటూ పిల్ల పట్టు లంగా మీద గుజ్జు వేసుకుందనుకోండి, గింజలు, గుజ్జు చెంచాతో ఎత్తేసి, వెనక వైపు నుంచి చల్లటి నీళ్లతో తడిపిన గుడ్డతో వత్తుతూ పోతే చాలు. ఐస్‌క్రీం అయితే అందులో పాలు, కొవ్వు కూడా ఉంటాయి, కాబట్టి నీళ్లు చల్లగానే ఉండాలి, ఆ తర్వాత కుంకుడు రసం.

తీపి మరక విషయంలో పెద్ద తప్పు ఇస్త్రీ. మరక కనిపించట్లేదు కదా అని ఇస్త్రీ పెడితే చక్కెర వేడికి మాడి గోధుమరంగు మచ్చ అవుతుంది, అది పోవడం చాలా కష్టం. కనిపించని తీపి మరకను అలాగే బీరువాలో పెట్టినా కొన్ని నెలలకు పసుపురంగుకు తిరుగుతుంది, చీమలూ పురుగులూ పడతాయి. వేళ్లతో తడిమి చూడమని అందుకే అంటున్నాను.

మలీద మరక కొంచెం వేరు. అందులో బెల్లంతో పాటు నెయ్యి ఉంటుంది. నేరుగా నీళ్లు పెడితే బెల్లం కరుగుతుంది కానీ నెయ్యి చుట్టూ పాకి పెద్ద మచ్చ అవుతుంది. అందుకని ముందు పొడి పని, తర్వాత తడి పని. చెంచా వీపుతో పైపై ముద్దను తీసేసి, మరక మీద టాల్కం పౌడరో సుద్దపొడో దట్టంగా చల్లి అరగంట వదిలేయాలి. పౌడర్ నెయ్యిని పీల్చుకుని ఉండలు కడుతుంది, దాన్ని మెత్తటి బ్రష్‌తో దులిపి మళ్లీ చల్లాలి. నెయ్యి తగ్గాక కుంకుడు రసంతో బెల్లాన్ని తీయాలి. శనగపిండి వాడేవాళ్లున్నారు, లేతరంగు పట్టు మీద పచ్చని ఛాయ వదులుతుందని నేను వాడను.

కుంకుడుకాయనే ఎందుకు అంటున్నానంటే, నల్లగొండ చుట్టుపక్కల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. మామూలు సబ్బు ఆ నీళ్లలో నురగ కట్టదు, తెల్లటి తెట్టులా మారి పట్టు మీద పేరుకుంటుంది. చీర ఆరాక గరుకుగా, మసకగా కనిపించేది అందుకే. కుంకుడు రసం గట్టి నీళ్లలో కూడా తెట్టు కట్టదు, పట్టుకు మృదువుగా ఉంటుంది. ఒక చీర మీద ఒకచోటి మరకకు ఐదారు కాయలు గింజలు తీసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టుకుంటే సరిపోతుంది. వడగట్టకపోతే పిప్పి పోగుల్లో ఇరుక్కుంటుంది. తెల్లటి, గంధపురంగు పట్టుకు మాత్రం చిక్కటి కుంకుడు రసం లేత గోధుమ ఛాయ అంటించగలదు. వాటికి ఉన్ని బట్టల కోసం అమ్మే లిక్విడ్ నాలుగు చుక్కలు మేలు. చివరగా కడిగే నీళ్లకు ఇంట్లో నల్లా నీళ్లు వస్తుంటే బోరు నీళ్ల బదులు వాటినే వాడండి.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, తుమ్మ బంక కూడా నీళ్ల జాతివే. ఆరకముందైతే నీళ్లతో ఇట్టే పోతాయి. ఆరిపోతే గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డను అరగంట పరిచి ఉంచితే మెత్తబడి తెల్లగా తేలుతుంది, అప్పుడు చెంచాతో ఎత్తాలి.

బబుల్ గమ్‌కు ఐసు, మైనానికి ఇస్త్రీ, రెండూ తారుమారు కావొద్దు

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో మా మేనకోడలి పోచంపల్లి పట్టు లంగాకు ఫంక్షన్ హాల్ కుర్చీ మీది బబుల్ గమ్ అంటుకుంది. ఆ పిల్ల ఏడుపు మొహంతో లాగుతోంది. లాగినకొద్దీ దారాల్లా సాగి ఇంకో నాలుగు చోట్ల అంటుకుంటోంది. వాళ్లమ్మ, అంటే మా వదిన, "వేడి నీళ్లు తెస్త ఆగు" అని లేచింది. "వద్దొదినా, వేడి తగిల్తే ఇంక లోపలికి దిగుతది" అని ఆపాను. వంటవాళ్ల దగ్గర ఐసు ముక్కలు తీసుకుని పాలిథీన్ కవర్లో వేసి, లంగా లోపలి వైపు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి పెట్టి పట్టుకున్నాను. పది నిమిషాలకు గమ్ రాయిలా అయింది. గోరుతో తట్టితే టక్ మని శబ్దం. చెంచా అంచుతో పోగుల వరస వెంబడి నెట్టితే పెద్ద ముక్క మొత్తంగా ఊడింది. మిగిలిన చిన్న పలుకుల కోసం ఇంటికెళ్లాక లంగాను కవర్లో పెట్టి గంటన్నర ఫ్రీజర్లో ఉంచాము.

గమ్‌లో ఉన్నది రబ్బరు లాంటి పదార్థం. చల్లబడితే పెళుసవుతుంది, వేడెక్కితే సాగి పోగుల మధ్యకు దిగుతుంది. ఐసును నేరుగా బట్టకు తాకించొద్దు, కరిగిన నీళ్లు పట్టు మీద వలయంలా మచ్చ కడతాయి. షిఫాన్, జార్జెట్, ఆర్గంజా లాంటి పలుచటి బట్టల మీద చెంచాతో గీకితే పోగులు పక్కకు జరిగి సందు పడుతుంది. వాటిని ఫ్రీజర్లో గట్టిపరిచి, వేళ్లతో రెండు వైపులా వంచి విరిచేయడమే మంచిది.

ఐసు తర్వాత కూడా పల్చటి పొర మిగలొచ్చు. దానికి నీలగిరి తైలం, ఆ సంగతి కింద చెప్తాను.

కొవ్వొత్తి మైనం గమ్‌కు పూర్తిగా వ్యతిరేకం. ముందు చల్లబరిచి పైపై పెచ్చులు రాల్చాలి, మిగిలినదానికి వేడి కావాలి. మామూలు మైనం 60 డిగ్రీలకు అటూ ఇటూగా కరుగుతుంది. ఇస్త్రీ పెట్టెలో ఒక చుక్క గుర్తు దగ్గర అడుగు వేడి సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలకు 150, మూడింటికి 200. కాబట్టి మైనం కోసం ఒక చుక్క చాలు, రెండు దాటాల్సిన పనే లేదు. మరక కింద ఒకటి, పైన ఒకటి తెల్ల టిష్యూ కాగితాలు పెట్టి, ఇస్త్రీని రుద్దకుండా రెండు మూడు సెకన్లు ఆనించి తీయాలి. కాగితం మైనాన్ని పీల్చి పారదర్శకంగా అవుతుంది, ప్రతిసారీ కొత్త చోటు మార్చాలి. చాలామంది న్యూస్‌పేపర్ పెడతారు. వేడికి అందులోని సిరా చీర మీదికి దిగుతుంది, తెల్ల కాగితమే వాడండి. జరీ మీద, మగ్గం వర్క్ జాకెట్ల మీద, వెల్వెట్ మీద ఇస్త్రీ పద్ధతి వద్దు.

స్టిక్కర్ బంక, బొట్టుబిళ్ల జిగురు, మామిడి సొన

అసలు ఎంపిక కష్టమయ్యేది ఇక్కడే. వీటికి నీళ్లు పనికిరావు, ఐసు సగమే పనిచేస్తుంది. ఇంట్లో దొరికే నాలుగు మందుల్లో దేన్ని తీసుకోవాలన్నది ప్రశ్న: కొబ్బరినూనె, నీలగిరి తైలం, మెడికల్ షాపు స్పిరిట్, గోళ్లరంగు రిమూవర్.

కొబ్బరినూనె అన్నిటికంటే సాధువు. రంగును దాదాపు కదిలించదు, పోగుకు హాని చేయదు. బంకను నెమ్మదిగా మెత్తబరుస్తుంది. కానీ మరక పోయాక నూనె మరక మిగులుతుంది. దాన్ని తీయడానికి పౌడర్, కుంకుడు, నీళ్లు, ఆ తర్వాత మళ్లీ ఆరబెట్టడం. అంటే చీరను తడపగలిగితేనే కొబ్బరినూనె. నారాయణపేట నూలు చీర, ఉతికే పంజాబీ డ్రెస్సు అయితే నేను కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకుంటాను. తడపకూడని పట్టుకు వద్దు.

నీలగిరి తైలం కూడా నూనే, కానీ గాలికి ఆవిరైపోతుంది, వెనక జిడ్డు తక్కువ. స్టిక్కర్ బంక మీద, గమ్ పొర మీద దీని పని కొబ్బరినూనె కంటే చాలా త్వరగా జరుగుతుంది. పట్టు మీద జిగురుకు నా మొదటి ఎంపిక ఇదే. లోపాలు రెండు. ఘాటు వాసన రెండు మూడు రోజులుంటుంది, కొన్ని రంగులు కదులుతాయి. అందుకే చుక్క పరీక్ష. జలుబుకు ఆవిరి పట్టుకునే సీసానే పనికొస్తుంది, కానీ అందులో ఇంకేవీ కలపని అచ్చమైన తైలం ఉండాలి. ఆకుపచ్చగా, ఎర్రగా రంగు వేసిన నొప్పి నూనెలు కొత్త మరక పెడతాయి.

స్పిరిట్ జిడ్డు మిగల్చదు, తొందరగా ఆరిపోతుంది, ఆరాక వాసన మిగలదు. పాలిస్టర్, నైలాన్ మీద స్టిక్కర్ బంకకు ఇదే మేలు. పట్టు మీద మాత్రం రంగులు కదిలించడంలో నీలగిరి కంటే ముందుంటుంది, ముఖ్యంగా ముదురు రంగుల్లో. చేతులకు పూసుకునే శానిటైజర్‌ను స్పిరిట్ బదులు వాడేవాళ్లు ఉన్నారు. జెల్ శానిటైజర్‌లో చిక్కదనం కోసం కలిపేవి బట్ట మీద జిగటగా మిగులుతాయి, ఒక జిగురు తీసి ఇంకో జిగురు పూసినట్టవుతుంది.

గోళ్లరంగు రిమూవర్‌లో ఎక్కువగా ఉండేది ఎసిటోన్. నా గద్వాల అంచుకు ఏం చేసిందో పైన చెప్పాను. పట్టు పోగును అది కరిగించదు, రంగును లాగేస్తుంది. ఎసిటేట్ లైనింగ్ బట్టను మాత్రం పోగుతో సహా కరిగించేస్తుంది, చమ్కీలు, ప్లాస్టిక్ పూసలు మెత్తబడి అంటుకుంటాయి. నేను దీన్ని ఒకే ఒక చోటికి పరిమితం చేశాను: ఫెవిక్విక్ లాంటి జిగురు తెల్లటి నూలు బట్ట మీద ఎండిపోతే. ఆ జిగురుకు ఎసిటోనే మందు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫెవిక్విక్ తడిగా ఉన్నప్పుడు నూలు గుడ్డతోగానీ దూదితోగానీ తుడవొద్దు, నూలు తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కి చేయి కాలగలదు. ఎండేదాకా వదిలేయాలి.

వీటిలో ఏది తీసుకున్నా చేసే తీరు ఒకటే, ఫలితం సగం ఆ తీరులోనే ఉంది. పాత తెల్ల ధోవతి ముక్కను నాలుగు మడతలు వేసి బల్ల మీద పరవండి. దాని మీద మరక ఉన్న వైపు కిందికి వచ్చేలా చీర పెట్టండి. ఇప్పుడు చీర వెనక వైపు నుంచి దూదితో మందు అద్దండి, మరక అంచు నుంచి మధ్యకు. జిగురు కరిగి కింది గుడ్డలోకి దిగుతుంది. అర నిమిషానికోసారి చీరను గుడ్డ మీద కొత్త చోటికి జరపండి. పై నుంచి అద్దితే కరిగిన జిగురు పోగుల్లోకి ఇంకి రెండో వైపుకు వస్తుంది. ఓపికగా పదిసార్లు వత్తాలే తప్ప ఒక్కసారి కూడా రుద్దొద్దు. తడిసిన పట్టును రుద్దితే పైపోగులు తెగి నూగులా లేచి ఆ చోటు తెల్లబారుతుంది, మరక పోయినా ఆ తెలుపు ఇక పోదు. ఇకత్‌లో రంగు నేతకు ముందే దారానికి పట్టించి ఉంటుంది, రెండు రంగులు కలిసే చోట సన్నటి ఈకలా కలిసిపోయి ఉండటమే దాని అందం. నూగు లేస్తే ముందు ఆ గీతే చెదిరిపోతుంది.

స్పిరిట్, ఎసిటోన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి, పొయ్యి ఆపి, దీపం లేని గదిలో కూర్చోండి. కిరోసిన్, పెట్రోల్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, వద్దే వద్దు. జిగురు పోతుంది నిజమే, కానీ పెట్రోల్ ఆవిరికి నిప్పు దూరం నుంచే అంటుకుంటుంది. ఒక చీర కోసం ఆ ప్రమాదం తేకండి.

మామిడి సొన గురించి విడిగా చెప్పాలి. వేసవిలో కొల్లాపూర్ మామిడికాయలు బుట్టల్లో ఇంటికొచ్చినప్పుడు, తొడిమ తుంచగానే కారే సొన మొదట నీళ్లలా కనిపిస్తుంది. తుడిచేశాం అనుకుంటాం. అందులో నూనె లాంటి రసం, బంక రెండూ ఉంటాయి, గాలి తగిలిన కొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. దీనికి సమయమే ముఖ్యం. ఆ గంటలోనే నీలగిరి తైలమో స్పిరిట్టో అద్ది, తర్వాత కుంకుడు రసం పెడితే నూలు మీద బాగా వస్తుంది. మరుసటి రోజుకు నల్లబడిన సొన పట్టు మీద పడి ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా లాండ్రీకి ఇవ్వడమే నా సలహా. కొన్ని చెట్ల రసాలు అసలు పోవు. రజకులు బట్టలకు గుర్తు పెట్టడానికి నల్లజీడి గింజ రసం వాడేది అది ఎన్ని ఉతుకులకూ చెరగదనే.

జరీ, మగ్గం వర్క్ ఉంటే

జరీ మీద నిమ్మరసం, వెనిగర్, ఉప్పు పెట్టొద్దు. అసలు జరీలో ఉన్నది వెండో రాగో అయిన లోహం, పులుపు తగిలితే మసకబారి నల్లబడుతుంది. జరీ మీది స్టిక్కర్ బంకను దూదిపుల్లకు ఒకే ఒక్క చుక్క నీలగిరి తైలం అద్దుకుని పోగు వెంట మాత్రమే తాకించి తీయొచ్చు, అడ్డంగా లాగితే జరీ లేచి వస్తుంది. మగ్గం వర్క్‌లో రాళ్లు, అద్దాలు జిగురుతో అంటించి ఉండొచ్చు. జిగురును కరిగించే ఏ మందైనా ఆ రాళ్లనూ ఊడదీస్తుంది. అక్కడ ఐసు ఒక్కటే ఇంట్లో చేయదగ్గ పని.

లాండ్రీకి ఎప్పుడు, ఎలా

చుక్క పరీక్షలో రంగు దిగితే, మరక దేనిదో తెలియకపోతే, వారం దాటిన మరక పట్టు మీద ఉంటే, గద్వాల అంచు కలిసే చోట ముదురు రంగు ఉంటే లాండ్రీయే దారి. డ్రై క్లీనింగ్‌లో నీళ్లకు బదులు ద్రావకాలు వాడతారు కాబట్టి నూనె, బంక జాతి మరకలు బాగా పోతాయి. చక్కెర మరకలు మాత్రం ద్రావకంలో కరగవు, వాటిని విడిగా నీళ్లతో తీయాలి. అందుకే ఇచ్చేటప్పుడు మరక ఎక్కడుంది, దేనిది, ఎన్ని రోజులైంది, మీరు దాని మీద ఏం పెట్టారు అనేవి తప్పకుండా చెప్పాలి. ఇంట్లో స్పిరిట్ పెట్టి చెప్పకపోతే వాళ్లు ఇంకోటి కలుపుతారు, నష్టం చీరకే. మరక చుట్టూ తెల్లదారంతో వదులుగా నాలుగు కుట్లు వేసి ఇస్తాను నేను, వెతుక్కోవాల్సిన పని ఉండదు. స్టిక్కర్ మాత్రం అంటించొద్దు.

రోలింగ్ పాలిష్‌కు ఇచ్చే ముందు మరక పోయిందని చూసుకోవాలి. రోలింగ్‌లో వేడి, ఒత్తిడి రెండూ ఉంటాయి, మిగిలి ఉన్న బంకను, తీపిని ఆ రెండూ కలిసి పోగులోకి పాతేస్తాయి. ఒకసారి నా చీర మీద మరక ఉండగానే ఒక దుకాణంలో రోలింగ్ చేసి ఇచ్చారు. చీర తళతళలాడుతూ వచ్చింది, మధ్యలో చిన్న గోధుమ మచ్చతో. మరక ఉందని నేను చెప్పి ఇవ్వలేదు, వాళ్లు చూడలేదు.

ఇంట్లో తీసిన చీరను పిండకుండా తువ్వాలలో చుట్టి, తడి లాగేశాక, లోపలి వైపు పైకి వచ్చేలా నీడలో ఆరేయండి. తడి మీద నాలుగు మడతలు వేసి పెడితే ఇకత్ రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆరిన వెంటనే మడిచి బీరువాలో పెట్టొద్దు. నూనె మరక తడిలో కనిపించదు, పూర్తిగా ఆరాకే నీడలా తేలుతుంది. రెండు రోజులు దండెం మీద ఉంచి, పగటి వెలుతురులో ఇంకోసారి వేళ్లతో తడిమి, ఎక్కడా అంటుకోవట్లేదంటేనే మడవండి.